అడగని బరువు

మా షాపులో కొత్తగా చేరేవాళ్ళ కోసం రెండు పేజీలు రాసిపెట్టమన్నారు. పద్దెనిమిదేళ్ళు చేశాడు కదా, ఏవో కిటుకులు చెబుతాడని వాళ్ళ ఆశ. ఇంగ్లీషులో రాసిచ్చేశాను. చక్రాల్లో గాలి, బ్రేకులు, గొలుసులు, లైట్లు, అన్నీ వరసగా పెట్టాను. ఇది ఆ రెండు పేజీల్లో లేనిది. తెలుగులో రాస్తున్నాను, ఎందుకంటే ఈ తప్పు తెలుగువాడు మాత్రమే చేయగలడని నా నమ్మకం.

నాకు యాభై ఏడు. బండి కిందకి దూరదామంటే మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు, అందుకే మానేశాను. డాలస్ చుట్టుపక్కల, ఇర్వింగ్ నుంచి కాపెల్ దాకా నన్నెరిగినవాళ్ళంతా కోతల రామం అంటారు. తప్పు లేదు, కోతలు కోస్తాను. తలా ఒక వంటకం తెచ్చుకుని తినే పాట్‌లక్‌కి పిలిచి, "రామం అన్నయ్య వస్తే కూర అక్కర్లేదు, కోత చాలు" అంటారు. అందుకని ముందే చెబుతున్నాను: ఇందులో కోత ఒక్కటే ఉంది, అది వచ్చినప్పుడు నేనే చూపిస్తాను. మిగతాది కూడా కోతే అయ్యుంటే ఎంత బాగుండేదో.

పనేమిటంటే

ట్రావెల్ ట్రైలరంటే కారుకో పికప్ ట్రక్కుకో తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న ఇల్లు. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్, అన్నీ ఉంటాయి. ఫలానా ఇంటిని ఫలానా బండి క్షేమంగా లాగుతుందా లేదా చూసి చెప్పడం నా ఉద్యోగం.

వచ్చిన ప్రతివాడూ "ఇది లాగుతుందా?" అనే అడుగుతాడు. లాగడానికేముంది, దేవుడి దయవల్ల ఈ దేశంలో ఇంజన్లకి కొదవలేదు. ఆపగలదా, పక్క నుంచి గాలి కొడితే నిలబడగలదా అని అడగాలి. టీవీలో ఎనిమిది వేల పౌండ్లు లాగుతుందని చూపిస్తారు. ఆ అంకె పక్కన పెట్టండి. డ్రైవర్ తలుపు తెరవండి. తలుపు మూసుకునే చోట, చట్రం మీద, పసుపూ తెలుపూ రంగుల్లో చిన్న స్టిక్కర్ ఉంటుంది. మనుషులూ సామానూ అంతా కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదు అని దాని మీద ఉంటుంది. మీకు భగవద్గీత అదే.

ట్రైలర్ ముక్కు మన బండి వెనక కొక్కెం మీద కూర్చుంటుంది. ఆ ముక్కు మోపే బరువు కూడా ఆ స్టిక్కర్ అంకెలోనే పోతుంది. ఈ ముక్క చాలామందికి తెలియదు. ట్రైలర్ మొత్తం బరువులో పదో వంతుకి తగ్గకుండా ముక్కు మీద పడాలి. సామానంతా తోక వైపు సర్దామా, ముక్కు తేలిపోతుంది. ముక్కు తేలిన ట్రైలర్‌కి పక్కనుంచి ఓ పెద్ద లారీ గాలి తగిలితే చాలు, కుక్క తోకలా ఊగడం మొదలెడుతుంది. అక్కణ్ణించి మీ బండిని మీరు నడపరు, అది నడుపుతుంది.

డ్వేన్

నేను ఈ దేశం వచ్చింది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌కి. గ్రీన్ కార్డ్ వచ్చిన ఏడాదికి ఉద్యోగం పోయింది. మా మినీవ్యాన్‌కి కొక్కెం వేయించుకుందామని ఈ షాపుకొచ్చి, ఓనర్ డ్వేన్ రాసిన లెక్కలో తప్పు పట్టుకున్నాను. ఆయన కళ్ళజోడు పైకి తోసి నన్ను ఎగాదిగా చూసి, "సోమవారం వస్తావా?" అన్నాడు. వెళ్ళాను. అక్కడా టెస్టింగే, ఇక్కడా టెస్టింగే. అక్కడ బగ్ వదిలేస్తే ఒక ఈమెయిల్ వచ్చేది.

డ్వేన్ దగ్గర నేర్చుకున్నవి రెండు. మొదటిది, కాగితం ఎప్పుడూ ఖాళీ ట్రైలర్నే తూస్తుంది. బ్రోషర్లో ఉన్న బరువు ఫ్యాక్టరీ గేటు దాటిన క్షణానిది. అందులో నీళ్ళు లేవు, దుప్పట్లు లేవు, మనుషులసలే లేరు.

రెండోది నేను చేరిన మొదటి నెలలో. ఒక పెద్దాయన ఇల్లు అమ్మేసి, భార్యతో దేశమంతా తిరుగుదామని ముప్ఫై అడుగుల ట్రైలర్ కొనుక్కొచ్చాడు. ఆయన ట్రక్కు దానికి చాలదు. డ్వేన్ చాలదన్నాడు. ఆ పెద్దాయన తిట్టిన తిట్లకి నా ఇంగ్లీషు ఒక్క పూటలో రెట్టింపయింది. ఆవిడ మాత్రం ఆఫీసులో కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వాళ్ళు వెళ్ళాక నేను, "పాపం, కొంచెం మెత్తగా చెప్పాల్సింది" అన్నాను.

"రామ్, తిట్టేవాడు బతికే ఉన్నాడు కదా" అన్నాడు డ్వేన్, కాఫీ పోసుకుంటూ.

అప్పుడు నవ్వాను. బాగుంది, ఎక్కడైనా వాడుకోవచ్చు అనుకున్నాను.

కోత

చూపిస్తానన్నది ఇదే.

అమరిల్లో దగ్గర గాలి ఎలా ఉంటుందో తెలుసా? ఒకసారి కొలరాడో వెళ్ళే ఒక కుటుంబం అక్కడ ట్రైలర్ ఆపుకుని లోపల పేకాడుకుంటున్నారు. గాలి ట్రైలర్‌నీ బండినీ కలిపి ఎత్తి, గిర్రున తిప్పి, డాలస్ వైపు మొహం పెట్టి దింపింది. లోపలున్నవాళ్ళకి తెలియదు, ఆట మంచి రసకందాయంలో ఉంది. ఆట అయ్యాక బండి స్టార్ట్ చేసి ఆరు గంటలు తోలి, "అరె, కొలరాడోలో కూడా మన ఇండియన్ స్టోర్ ఉందే" అని దిగి కరివేపాకు కొనుక్కున్నారు. ఇంటికొచ్చేశామని బిల్లు చూశాక తెలిసింది.

దీన్ని వందసార్లు చెప్పుంటాను. ఎప్పుడూ నవ్వారు. ఒకసారి చెప్పకుండా ఉండాల్సింది.

శీను బండి

శీనుది కరీంనగర్. కాపెల్‌లో ఇల్లు, సాఫ్ట్‌వేర్. నన్ను "అన్నా" అంటాడు, నేను "ఏరా" అంటాను, అంత చనువు. భార్య పద్మజది విజయవాడ. పెద్దపిల్ల మేఘనకి అప్పుడు పద్నాలుగు, తర్వాత ఒక అబ్బాయి. పద్మజ అమ్మానాన్నలు ఇండియా నుంచి చూడ్డానికి వచ్చారు. తిరిగి వెళ్ళేలోపు వాళ్ళకి కొలరాడో కొండలు చూపించాలని ప్లాన్. ఆయనకి బయట తిండి పడదు. హోటల్ గదిలో వండుకుంటే పొగ అలారం మోగుతుంది. అందుకని వంటగది ఉన్న ట్రైలర్ అద్దెకి తీసుకుని, తన ఎస్‌యూవీకి తగిలించి చెక్ చేయించుకోవడానికి మా షాపుకి తెచ్చాడు.

శనివారం. ఆరుగురూ దిగారు. నాకోసం డబ్బా నిండా పులిహోర తెచ్చారు. ఓ చేత్తో ఫారం పట్టుకుని, రెండో చేత్తో పులిహోర తింటూ బండి చుట్టూ తిరిగాను. కొక్కెం బాగుంది, బ్రేకులు బాగున్నాయి. స్టిక్కర్ మీద అంకె పన్నెండొందల యాభై. ట్రైలర్ ముక్కు బరువు అయిదొందలు. ఇక మిగిలింది ఒకే గడి: మనుషుల బరువు.

ఆ గడి నింపడానికి అడగాలి. తెల్లవాళ్ళని అడగడానికి నాకెప్పుడూ నోరు పెగలకపోవడమన్నది లేదు. రెండొందల ఎనభై పౌండ్ల మనిషిని కూడా "సర్, మీ బరువు?" అని ఠక్కున అడిగేవాణ్ణి. కానీ ఎదురుగా ఉన్నది ఇస్త్రీ చొక్కాలో పద్మజ నాన్నగారు. ఆయన పక్కన, నా చేతిలో ఉన్న పులిహోర కలిపిన ఆవిడ. "అమ్మా, మీరు ఎన్ని పౌండ్లు?" అని ఎలా అడగను? పద్మజని, భర్త ముందు, తల్లి ముందు? పెన్ను గడి మీద ఆగింది.

"ఏమైందన్నా? ఏదన్న ప్రాబ్లమా?" అన్నాడు శీను.

"ఏం లేదురా. మనుషులు ఎంతమందా అని."

"కనబడ్తలేమా? ఆరుగురం. మా మామ ఒక్కడే ఇద్దరి లెక్క" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి, "అల్లుడి సొమ్ము తిన్నాక ఆ మాత్రం ఉండకపోతే అల్లుడికే నామోషీ" అన్నాడు.

ఆ నవ్వుల మధ్య ఆరొందలు అని రాసేశాను. తలకి వంద. పిల్లలు చిన్నవాళ్ళు కదా, సరిపోతుందిలే అనుకున్నాను. అయిదొందలూ ఆరొందలూ కలిపితే పదకొండొందలు. ఇంకా నూట యాభై మిగులు. ఫారం ఎంత ముచ్చటగా ఉందో!

లోపల మాత్రం ఏదో గుచ్చుకుంటూనే ఉంది. అందుకని దారిలో ట్రక్ స్టాప్‌లో కాటా ఉంటుంది, సామాను సర్దాక బండినీ ట్రైలర్‌నీ దాని మీద ఎక్కించి చూసుకోండి అని చెప్పాలనుకున్నాను. తిన్నగా చెబితే పెద్దాయన కంగారుపడతాడు, పిక్నిక్ మూడ్ పాడవుతుంది. కథ చేసి చెప్పాను. అమరిల్లో గాలి, పేకాట, కరివేపాకు. పద్మజ నాన్నగారు నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. "అందుకే, వెళ్ళేముందు ఒకసారి కాటా ఎక్కించండి" అన్నాను చివర్లో.

"అన్నా, నువ్వున్నవ్ చూడు..." అని శీను నా భుజం చరిచాడు.

కథకి నవ్వారు. మాట ఎవరికీ అందలేదు.

బండెక్కబోతూ పద్మజ ఒక్కతే వెనక్కి వచ్చింది. ఖాళీ డబ్బా తీసుకోవడానికి అనుకున్నాను.

"అన్నయ్యగారూ, కథలు పక్కన పెట్టి ఒక్క మాట చెప్పండి. అమ్మానాన్నలున్నారు, పిల్లలున్నారు. నిజంగా పర్లేదా?"

ఆ అమ్మాయి నన్ను అడగాల్సిన మాట సరిగ్గా అడిగింది. నా వృత్తి మొత్తంలో అంత సరైన ప్రశ్న ఇంకెవరూ వేయలేదు.

"పర్లేదమ్మా. మెల్లగా వెళ్ళండి" అన్నాను. డబ్బా చేతికిచ్చాను.

మంగళవారం ఉదయం బయల్దేరారు. సామాను సర్దింది ఆడవాళ్ళు, మోసింది శీను. ట్రైలర్లో వంటగది వెనక వైపు. వంట సామాను వంటగదిలోనే కదా పెడతారు. రెండు బియ్యం బస్తాలు, నీళ్ళ కేసులు, రాయి గ్రైండర్, కుక్కర్లు, పచ్చడి జాడీలు. పది రోజుల ప్రయాణానికి నెల రోజుల సంసారం, అంతా తోక మీద. అద్దె పెట్టె అంటే ఖాళీ సంచీ అనుకునే జాతి మనది. ఎక్కడ పెడుతున్నారో నేను అడగలేదు. ఎక్కడ పెట్టాలో చెప్పనూ లేదు.

విచిటా ఫాల్స్ అనే ఊరు దాటాక మధ్యాహ్నం, రోడ్డు పల్లంలోకి దిగే చోట, ఒక లారీ దాటింది. ట్రైలర్ ఊగింది. శీను భయపడి బ్రేక్ తొక్కాడు. అలాంటప్పుడు కాలు తీసేసి, చేత్తో ట్రైలర్ బ్రేక్ మాత్రం నొక్కాలి. అదీ నేను చెప్పాల్సిందే. బండి పల్టీ కొట్టింది. అయిదుగురు బతికారు. పద్మజ నాన్నగారికి తుంటి విరిగింది. పద్మజ లేదు.

బాత్రూమ్ కాటా

షాపులో డ్వేన్ ఆ ఫారం బయటికి తీశాడు. చాలాసేపు చూశాడు.

"ఈ ఆరొందలు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నేనే రాశాను."

"ఎందుకు అడగలేదు?"

మొహమాటం అన్న మాటకి ఇంగ్లీషు నాకు ఆ రోజు దొరకలేదు, ఇప్పటికీ దొరకలేదు. "పెద్దవాళ్ళు" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. ఎలా అవుతుంది?

తిట్టలేదు, ఉద్యోగం తీసేయలేదు. తీసేసి ఉంటే కొంత తేలికయ్యేదేమో. మర్నాడు వాళ్ళింటి బాత్రూమ్‌లో ఉండే చిన్న కాటా తెచ్చి కౌంటర్ పక్కన నేల మీద పెట్టాడు. "ఇక నువ్వు అడగక్కర్లేదు. ఎవరొచ్చినా దీని మీద నిలబెట్టు" అన్నాడు. ఆయన పోయి నాలుగేళ్ళయింది, కాటా అక్కడే ఉంది.

తర్వాత లెక్క వేసుకున్నాను. ఎంత తగ్గించి వేసుకున్నా ఆ ఆరుగురూ ఎనిమిదొందలకి తగ్గరు. ముక్కు బరువు అయిదొందలు కలిపితే పదమూడొందలు. ఒక్క సూట్‌కేసు ఎక్కకముందే స్టిక్కర్ మీద అంకె దాటిపోయింది. అడిగి ఉంటే దాటిందని తెలిసేది. తెలిస్తే వద్దనేవాణ్ణి. శీను నాలుగు రోజులు నా మీద అలిగేవాడు. అంతే.

ఇంతకన్నా పెద్ద తప్పు ఒకటుంది. పదో రోజున శీను ఇంటికి వెళ్ళాను. చెయ్యి కట్టులో ఉంది. నన్ను చూసి లేచి, "నువ్వు చెప్పినవన్నా, కాటా ఎక్కించమని. నేనే నవ్విన. నేనే ఎక్కియ్యలే" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అప్పుడు చెప్పాలి కదా, లేదురా, ఫారంలో దొంగ అంకె వేశాను, పద్మజ అడిగితే పర్లేదన్నాను అని. చెప్పలేదు. వీపు నిమిరాను. నా బరువు కూడా వాడి మీదే పెట్టి, టీ తాగి వచ్చేశాను. ఆ తర్వాత పండక్కీ పబ్బానికీ కలిసినా వాడు అదే మాట, నేను అదే మౌనం.

ఆ కోత మాత్రం మళ్ళీ ఎవరికీ చెప్పలేదు. పాట్‌లక్‌ల్లో ఇంకా అడుగుతారు. మర్చిపోయానంటాను.

మేఘన

నేను మానేసే ముందు నెలలో ఒక చిన్న ఎస్‌యూవీ, దాని వెనక పాత ట్రైలర్, యార్డులోకి మెల్లగా, మరీ మెల్లగా వచ్చాయి. దిగిన అమ్మాయిని చూసి ఒక్క క్షణం పద్మజే అనుకున్నాను. తల్లి నడకే.

"అంకుల్, గుర్తుపట్టారా? మేఘన."

ఇరవై నాలుగేళ్ళు వచ్చాయి. నర్సు. మూడు నెలలు ఒక ఊరి హాస్పిటల్, మూడు నెలలు ఇంకో ఊరు, అలాంటి ఉద్యోగం. ఇప్పుడు కొలరాడోలో వచ్చింది. అలాంటి నర్సులు చాలామంది ట్రైలర్లోనే ఉంటారట. తోటి నర్సు ఒకామె తనది అమ్మితే కొన్నది.

"నాన్న వద్దన్నాడు. నాకూ భయమే అంకుల్. కాపెల్ నుంచి ఇక్కడికి రావడానికే గంట పట్టింది. అందుకే మీ దగ్గరికి వచ్చా. మీరు ఓకే అంటేనే వెళ్తా."

నేను ఫారం తీసుకున్నాను. కౌంటర్ దగ్గరికి వచ్చాక కాటా వైపు చూపించబోయేలోపే చెప్పులు వదిలి ఎక్కేసింది.

"రాసుకోండి, వన్ థర్టీ ఎయిట్. రోజంతా పేషెంట్లని ఎక్కిస్తా కదా, అలవాటే" అని నవ్వింది. "ఇది ఎప్పుడూ ఇక్కడే ఉంటుందా?"

"పదేళ్ళ నుంచి ఉంది."

అది ఎప్పుడు, ఎందుకు వచ్చిందో అర్థమైంది ఆ పిల్లకి. నవ్వు ఆగింది. ఇక దాచడానికి నాకు చోటు లేకపోయింది. కౌంటర్ అవతల నిలబడే చెప్పాను. ఆరొందలు అడక్కుండా రాసిన సంగతి. మీ అమ్మ వెనక్కి వచ్చి అడిగితే పర్లేదన్న సంగతి. మీ నాన్న తన తప్పనుకుంటుంటే ఊరుకున్న సంగతి. కోత లేకుండా ఏదైనా చెప్పడం నాకు అదే మొదటిసారేమో, గొంతు ఎక్కడ ఎత్తాలో ఎక్కడ దించాలో తెలియలేదు.

మేఘన కాటా దిగి చెప్పులు వేసుకుంది. బయట ఎవరో చక్రం బిగిస్తున్న చప్పుడు.

"నాన్నకి చెప్పారా?"

"లేదమ్మా."

"మీరే చెప్పాలి. నేను చెప్పను. ప్రతి ఇయర్ ఆ రోజు నాన్న స్కేల్ ఎక్కించలేదు, స్కేల్ ఎక్కించలేదు అంటాడు అంకుల్. ఇంకేం మాట్లాడడు."

చెప్పాను, ఆ వారమే వెళ్ళి. ఆ సంగతి శీనుది, ఇక్కడ రాయను. తిట్టాడు. అంత మాత్రం రాస్తాను.

ఆ రోజు మాత్రం మేఘన కళ్ళు తుడుచుకుని, "ముందు నా బండి చూడండి" అంది. చూశాను. ట్రైలర్లో ఏం పెట్టిందో ప్రతి పెట్టె తీయించి తూచాను. నీళ్ళ ట్యాంక్ ఎక్కడుందో చూశాను. ముక్కు బరువు మూడుసార్లు తూచాను. ఫారం మీద ఒక్క గడిలో కూడా ఊహ లేదు. కింద కూడిక వేసి, రెండోసారి వేసి, ఆ పిల్ల వైపు తిప్పాను.

"కుదరదమ్మా. ఈ బండి వద్దు. ఇంకాస్త పెద్దదైనా చూసుకో, ట్రైలర్ అమ్మేసి అక్కడ గదైనా చూసుకో. దీంతో మాత్రం వెళ్ళొద్దు."

"ఎంత ఎక్కువైంది?"

"నూట నలభై పౌండ్లు."

"అంతేనా? దట్స్ లైక్... వన్ పర్సన్."

"ఒక మనిషే."

ఫారం మీద అంకెల్ని వేలితో తడుముతూ కూర్చుంది. తర్వాత తలెత్తకుండా అడిగింది.

"అంకుల్, అమ్మ ఎంత ఉండేది?"

"నేను అడగలేదమ్మా" అన్నాను.